ఒక్క కార్డు చాలన్న మనిషి

మా బావను ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవరు. గ్యారంటీ అంటారు. ఎదురుగా ఉంటే గ్యారంటీగారు, మలుపు తిరిగాక గ్యారంటీగాడు. రెండింటికీ ఆయన ఒకేలా పలుకుతాడు. రాజకీయాల్లోకి వెళ్ళి చెడిపోయాడని కొందరు, వెళ్ళి రాజకీయాల్నే చెడగొట్టాడని కొందరు ఇప్పటికీ టీ కొట్టు దగ్గర వాదించుకుంటూనే ఉంటారు. నేను ఆయన భార్యకు సొంత తమ్ముణ్ణి. పాతికేళ్ళుగా ఆయన షాపులో రిపేర్లు చేస్తున్నవాణ్ణి. ఆయన గురించి చెప్పే హక్కు నాకంటే ఎవరికుంది? పైగా నా బెంచీ ఊడబీకించిన మనిషి ఆయన. ఆ సంగతి దాని వంతు వచ్చినప్పుడు చెబుతాను.

మాది ఫ్యాన్లు, ఇస్త్రీ పెట్టెలు, బల్బులు అమ్మే షాపు. లోపల పైకప్పు నుంచి పదకొండు ఫ్యాన్లు వేలాడుతూ ఉంటాయి. వాటిలో తిరిగేది ఒక్కటే, అది మా అక్క కుర్చీ మీద. అమ్మకం బావది, అజమాయిషీ అక్కది. నా రిపేరు బెంచీ బయట, మెట్ల పక్కన అరుగు మీద ఉండేది. అక్కడ గాలి, వెలుతురు, దారిన పోయేవాళ్ళతో కబుర్లు, అన్నీ ఉండేవి. స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకుని ఊరి సంగతులన్నీ ఆ బెంచీ మీద నుంచే తెలుసుకున్నాను.

బావకు గ్యారంటీ అన్న పేరు ఊరికే రాలేదు. ఫ్యాను కంపెనీవాళ్ళు ఇచ్చే కార్డు మీద చీమ తలకాయలంత అక్షరాలతో ఇరవై షరతులుంటాయి. ఆయనకు అది చూస్తే ఒళ్ళు మంట. అందుకని సొంతంగా పసుపుపచ్చ అట్టమీద కార్డు అచ్చు వేయించాడు. పైన సరుకు పేరు, తర్వాత గడువు ఒక సంవత్సరం, అడుగున మూడు ముక్కలు. "చెప్పినట్టు పనిచెయ్యకపోతే ఈ కార్డు తెండి. ఎవరి తప్పని అడగం. వాపసు తీసుకుంటాం."

ఎవరి తప్పని అడగం అన్నాడా, నిజంగానే అడగడు. ఒకసారి ఒకాయన టేబుల్ ఫ్యాను తెచ్చాడు. దాని జాలీ అప్పడంలా అణిగిపోయి ఉంది. "ఇది మేడ మీంచి పడింది బావా" అన్నాను. "నిన్నెవరడిగారురా" అన్నాడు. వాపసు అన్న రబ్బరు స్టాంపు తీసి కార్డు మీద గట్టిగా గుద్ది, సంతకం పెట్టి, కొత్త ఫ్యాను చేతిలో పెట్టాడు. అక్క చూసిన చూపుకి ఆ పాత ఫ్యాను కూడా తిరగాల్సింది.

ఇంత చల్లగా సాగిపోయే మనిషి రాజకీయాల్లోకి ఎందుకు వెళ్ళాడంటే, గొయ్యి వల్ల. షాపు ముందు మురుగుకాలవ మీద పలక విరిగి పెద్ద గొయ్యి పడింది. నాలుగేళ్ళు అలాగే ఉంది. ఆ ఏడాది వేసవిలో మా దగ్గర ఫ్యాను కొని భుజాన వేసుకుని మెట్లు దిగినవాళ్ళలో ముగ్గురు ఆ గోతిలో పడ్డారు. మనుషులకు ఏమీ కాలేదు, ఫ్యాన్లు మాత్రం పోయాయి. ముగ్గురి చేతుల్లోనూ కార్డులున్నాయి. ముగ్గురికీ కొత్త ఫ్యాన్లిచ్చాడు.

"ఫ్యాన్లమ్మడం మానేస్తారా, గొయ్యి పూడిపిస్తారా? ఏదో ఒకటి తేల్చండి" అంది అక్క.

బావ మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళాడు. మీ కౌన్సిలరుతో రాయించుకు రమ్మన్నారు. కౌన్సిలరు దగ్గరికి వెళ్తే, అది ఆఫీసువాళ్ళ పని అన్నాడు. కాళ్ళరిగేలా పదకొండుసార్లు తిరిగాడు. పన్నెండోసారి వెళ్ళినవాడు నామినేషను కాగితం పట్టుకొచ్చాడు.

అక్క ఒంటికాలి మీద లేచింది. "గొయ్యి పూడ్చమంటే ఎన్నికల్లో దూకుతారా? అది దీనికంటే లోతు" అంది.

"ఎంతసేపే, ఓ ఏడాది" అన్నాడు బావ, అదేదో పన్ను పీకించుకోవడమన్నట్టు.

ప్రచారానికి అందరూ కరపత్రాలు వేయిస్తారు. ఈయన కార్డు వేయించాలనుకున్నాడు. ప్రెస్సు నడిపే పెద్దాయన దగ్గరికి షాపు కార్డొకటి తీసుకెళ్ళి, "ఇలాగే ఉండాలి, పైన విషయం మార్చండి" అని మూడు పనులు రాసిచ్చాడు. గొయ్యి పూడ్చడం ఒకటి, వీధి దీపాలు వెలిగించడం రెండు, ఆఖరి సందులో ఎండిపోయిన పంపుకు నీళ్ళు రప్పించడం మూడు. పెద్దాయన చెప్పింది చెప్పినట్టు చేసే రకం. పైన విషయం మార్చాడు, కింద ముట్టుకోలేదు. ఆరు వందల ఇళ్ళకు పంచేశాక గాని మేమెవరం చూసుకోలేదు. బావ బొమ్మ, మూడు హామీలు, గడువు ఒక సంవత్సరం, అడుగున: "చెప్పినట్టు పనిచెయ్యకపోతే ఈ కార్డు తెండి. ఎవరి తప్పని అడగం. వాపసు తీసుకుంటాం."

ఊరు ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. అచ్చుతప్పని ఒక్క మాట అంటే అక్కడితో పోయేది. కాని ఆ సాయంత్రం వీధి మొగలో మీటింగులో పాత కౌన్సిలరు మనిషొకడు లేచి, "గ్యారంటీగారూ, ఎన్ని కార్డులొస్తే మిమ్మల్ని వాపసు తీసుకుంటారు?" అని అడిగాడు. బావ మొహం ఎర్రబడింది. షాపు మీద మాట పడితే ఆయన ఊరుకోడు.

"నా షాపులో ఒక్క కార్డొచ్చినా తీసుకుంటాను. ఇక్కడా అంతే. మూడు పనుల్లో ఏ ఒక్కటి కాకపోయినా, గడువు రోజున ఒక్క కార్డొస్తే మర్నాడే రాజీనామా" అన్నాడు.

నా పక్కనున్న అక్క నెత్తి పట్టుకుని అక్కడే మెట్టు మీద కూలబడింది.

నలభై ఒక్క ఓట్ల తేడాతో గెలిచాడు. నా ఓటు కూడా ఆయనకే వేశాను. అప్పటికి నా బెంచీ ఉంది మరి.

ఆ ఏడాది ఎలా గడిచిందో నాకు తెలుసు. వార్డులో ప్రతి ఇంట్లోనూ ఆ కార్డుంది. మంగలి షాపాయన అద్దం మూలకి దోపుకున్నాడు. ఒకావిడ ఫ్రిజ్ మీద అంటించుకుంది. బావ వీధిలోకి వస్తే చాలు, "కార్డు భద్రంగా ఉందండోయ్" అని ఎవరో ఒకరు గుర్తు చేసేవారు. చెత్త తియ్యకపోతే కార్డు, కుక్క మొరిగితే కార్డు, పక్కింటాయన రేడియో పెద్దగా పెడితే కార్డు. "ఒక్క అత్తగారితోనే పడలేక చచ్చాను, ఇప్పుడు ఆరు వందల మంది" అని అక్క విసుక్కునేది. ఒక్క టీచరమ్మ మాత్రం ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఆవిడ బావకూ నాకూ చిన్నప్పుడు లెక్కలు చెప్పింది. ఆఖరి సందులో ఆఖరిల్లు. కార్డు ఇచ్చిన రోజున అడుగు దాకా చదివి, "నిజంగానా?" అంది. "నిజంగానే టీచరమ్మా" అన్నాడు బావ. మా షాపు కార్డులన్నీ దాచుకునే బిస్కెట్ల డబ్బాలో దాన్ని కూడా వేసుకుంది.

ఇక గొడవలు. మొదటిది బల్బులు. వీధి దీపాలకు ఆఫీసు నుంచి బల్బులు ఎంతకీ రాకపోతే, షాపులోంచి పంతొమ్మిది బల్బులు తీసుకెళ్ళి, నన్ను నిచ్చెనెక్కించి పెట్టించాడు. వారం తిరక్కుండా పేపర్లో వచ్చింది, కౌన్సిలరు తన సరుకే ఊరికి అంటగట్టాడని. విచారణకు ఒక అధికారి వచ్చాడు.

"బల్బులకు బిల్లు చూపించండి" అన్నాడు.

"బిల్లు లేదండీ, ఊరికే ఇచ్చాను" అన్నాడు బావ.

"అయితే ఊరికే ఇచ్చినట్టు బిల్లు చూపించండి."

ఇద్దరూ అలా గంటసేపు కూర్చున్నారు. చివరికి ఆ అధికారి ఏమీ తేల్చకుండానే లేచి, వెళ్తూ వెళ్తూ ఒక ఇస్త్రీ పెట్టె కొనుక్కున్నాడు. పసుపు కార్డు అడిగి మరీ తీసుకున్నాడు.

రెండోది ఫ్యాను. కౌన్సిల్ హాల్లో చైర్మన్ కుర్చీ మీద ఒక పాత ఫ్యాను ఉంది. దాని బోల్టు వదులై టకటకమని కొట్టుకుంటుంది. అందరికీ చైర్మన్ ప్రసంగం వినిపిస్తే మా బావకు ఆ టకటకే వినిపించింది. అరగంట ఓర్చుకున్నాడు. తర్వాత లేచి స్విచ్చి కట్టేసి, చెప్పులు విడిచి, చైర్మన్ బల్ల ఎక్కి, జేబులోంచి స్పానరు తీసి బోల్టు బిగించడం మొదలెట్టాడు. మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. అందులో చైర్మన్ మొహం, దానికి జానెడు దూరంలో మా బావ పాదాలు. సభను అవమానించాడని మూడు సమావేశాలకు సస్పెండు చేశారు. ఆ ఫ్యాను మాత్రం ఈ రోజుకీ చప్పుడు లేకుండా తిరుగుతోంది.

అదే ఆయన పీకల మీదికి తెచ్చింది. ఆఖరి సందు పంపు ఫైలు ఆ మూడు సమావేశాల్లోనే రావాలి. మాట్లాడేవాడు లేడు. చైర్మన్ దాన్ని మడతపెట్టి సొరుగులో పడేశాడు.

మూడోది మెట్లు. గొయ్యి ఒక్కటీ పూడిస్తే లాభం లేదు, వీధి పొడవునా కాలవ తెరవాలన్నాడు ఇంజనీరు. కాలవ మీద ఇరవై మూడు షాపుల మెట్లు, అరుగులు ఉన్నాయి. అన్నీ కొట్టెయ్యాలి. మొదట మనదే కొట్టండి అన్నాడు బావ. పనివాళ్ళను వెంటబెట్టుకొచ్చి నా బెంచీ చూపించాడు.

"బావా, ఇది బెంచీ కాదు, నా బతుకు" అన్నాను.

"బతుకు లోపల పెట్టుకో, బెంచీ తియ్యి" అన్నాడు.

ఇప్పుడు నా బెంచీ గోదాములో, పాత అట్టపెట్టెల వెనక ఉంది. ఎవరూ కనబడరు, ఏ కబురూ వినబడదు. నెల రోజులు ఆయనతో మాట మానేశాను. ఆయన గురించి మాత్రం ఊళ్ళో ఒక్కణ్ణీ వదలకుండా మాట్లాడాను. ఎదురుగా చెప్పుల షాపాయనైతే తన మూడు పాలరాతి మెట్ల మీద అడ్డంగా పడుకున్నాడు. నలుగురు కలిసి లేపాల్సి వచ్చింది. లేచి, జేబులోంచి పసుపు కార్డు తీసి బావ మొహం ముందు ఆడించాడు. "గడువు రోజున మొదటి కార్డు నాది. రాసి పెట్టుకో" అన్నాడు.

కాలవ పూర్తయింది. మీద కొత్త పలకలు వేశారు. జనం ఫ్యాన్లు భుజాన వేసుకుని దర్జాగా నడిచిపోతుంటే బావ గుమ్మంలో నిలబడి చూసేవాడు. పొద్దున్నే లేచి ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కో పలకనూ కాలితో తట్టుకుంటూ నడిచేవాడు. ఆ పదవి ఆయనకు పిచ్చిపిచ్చిగా నచ్చేసింది. ఓ ఏడాది అన్న మనిషి, ఇంకా చెయ్యాల్సినవి అని ఒక పెద్ద జాబితాను అట్టముక్క వెనక రాసి దాచుకున్నాడు. అక్క కూడా మారిపోయింది. బావ లేనప్పుడు వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, తిరిగే ఫ్యాను కింద అర్జీలు రాసిపెట్టేది. అడిగితే మాత్రం, "ఖాళీగా ఉండలేక" అనేది.

గడువుకు వారం ఉందనగా పంపు ఇంకా ఎండిపోయే ఉంది. టీచరమ్మ రెండు డబ్బాలు పట్టుకుని వీధి మొగదాకా వచ్చి నీళ్ళు మోసుకెళ్తూనే ఉంది.

"మీ తప్పేముంది ఇందులో? చైర్మన్ తొక్కిపెట్టాడని నలుగురికీ చెప్పండి" అంది అక్క.

"ఎవరి తప్పని అడగం అని మనమే వేశాం కదే" అన్నాడు బావ.

"అది ఫ్యాన్లకి."

"నేను ఫ్యాను కంటే ఎక్కువా?"

అక్క లోపలికెళ్ళి టీ గిన్నెలు చప్పుడయ్యేలా కడిగింది.

గడువు రోజు వచ్చింది. పొద్దున షాపు తెరిచేసరికే వీధిలో జనం. బావ ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని కౌంటర్లో కూర్చున్నాడు. ముందు వాపసు స్టాంపు, ఇంకు ప్యాడు. అన్నట్టుగానే చెప్పుల షాపాయన అందరికంటే ముందొచ్చాడు. కాసేపు పైన వేలాడే ఫ్యాన్లన్నీ చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"కార్డు కనబడ్డం లేదయ్యా. మా ఆవిడ ఎక్కడ పెట్టిందో ఏమో" అన్నాడు.

చొక్కా జేబులోంచి పసుపు అంచు కనబడుతూనే ఉంది. ఒక బల్బు కొనుక్కుని వెళ్ళిపోయాడు. మంగలి షాపాయన కార్డు నీళ్ళల్లో తడిసిందట. ఫ్రిజ్ మీద అంటించుకున్నావిడ ఫ్రిజ్‌నే మార్చేసిందట. ఒకరి కార్డు పిల్లలు చింపేశారు, ఒకరిది బట్టలతో ఉతికేశారు. ఏడాదంతా కళ్ళకద్దుకుని దాచిన ఆరు వందల కార్డులు ఒక్క పూటలో మాయమైపోయాయి. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఈ జనాన్ని తిట్టుకున్నందుకు సిగ్గు కూడా వేసింది.

మధ్యాహ్నానికి అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి, ఒక్క బావ మొహం తప్ప. "అన్నీ పోయాయటరా" అన్నాడు నాతో మెల్లగా.

"సంతోషించు బావా."

"పంపు రాలేదు కదరా. పాతికేళ్ళలో పాడైన సరుకు వాపసు ఇవ్వకుండా ఎవరైనా ఉంచుకున్నారా?"

నాలుగున్నరకు టీచరమ్మ వచ్చింది. నీళ్ళ డబ్బాలు గుమ్మం పక్కన పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, సంచీలోంచి బిస్కెట్ల డబ్బా తీసింది. అందులోంచి కార్డు తీసి కౌంటరు మీద పెట్టింది.

"టీచరమ్మా, అది ఇంట్లో ఉంచుకోండి. ఎవరూ ఇవ్వడం లేదు" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ చెప్పుల షాపాయన.

"పంపు వచ్చిందా?" అని అడిగింది ఆవిడ.

"రాలేదనుకోండి."

"మరి?"

అక్క కౌంటరు దాటి ముందుకొచ్చింది. "ఆయన తప్పు కాదండీ. మీకూ తెలుసు" అంది.

"తెలుసమ్మా. ఊళ్ళో ఇతని కంటే బాగా చేసినవాణ్ణి నేను చూడలేదు. ఓటు మళ్ళీ అడిగినా ఇతనికే వేస్తాను. కాని ఆ రోజు నిజంగానా అని అడిగితే నిజంగానే అన్నాడు. వీళ్ళంతా జాలిపడి కార్డులు దాచుకున్నారు. నేను దాచుకుంటే ఆ మాట నమ్మనట్టే కదా."

బావ ఆవిడ వైపు చూశాడు. పొద్దుట్నుంచి వాడిపోయిన మొహం తేటపడింది. స్టాంపు ఇంకులో అద్ది, కార్డు మీద గట్టిగా గుద్ది, తేదీ వేసి సంతకం పెట్టాడు. జనంలో ఎవరో టీచరమ్మను ఏదో అనబోతే, "నా షాపులో కస్టమర్ని అనకూడదు" అని కసిరాడు. అక్క కూర్చునే కుర్చీ లాగి ఆవిడను తిరిగే ఫ్యాను కింద కూర్చోబెట్టాడు. అక్క గోడవైపు తిరిగి నిలబడింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడం దేనికి. ఆవిడ డబ్బాలు రెండూ నేనే ఇంటిదాకా మోసుకెళ్ళి దించి వచ్చాను.

మర్నాడు పొద్దున్నే రాజీనామా ఇచ్చేశాడు. అంతా నాటకమని ఒక పేపరు, పిచ్చితనమని ఇంకో పేపరు రాశాయి. రెండు నెలల్లో మళ్ళీ ఎన్నిక పెట్టారు. ఆ సీటులో తన మనిషిని కూర్చోబెట్టుకోవాలని చైర్మన్‌కు ఆత్రం పుట్టింది. సొరుగులోంచి ఫైలు పరుగెత్తుకొచ్చింది. తొమ్మిదో రోజుకల్లా ఆఖరి సందులో పంపు ధారగా పోసింది. బావ ఏడాది తిరిగితే కాని పని, దిగిపోతే అయింది.

ఆ సాయంత్రమే టీచరమ్మ వచ్చింది, ఈసారి చేతులు ఖాళీ. "నీళ్ళొచ్చాయి. నా కార్డు నాకిచ్చెయ్యి" అంది.

"స్టాంపు పడింది టీచరమ్మా. ఇక చెల్లదు" అన్నాడు బావ.

"అయితే కొత్తది రాయి" అంది ఆవిడ.

రెండో ఎన్నికలో బావకు ఎంత మెజారిటీ వచ్చిందో ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. నాకు గుర్తుండిపోయింది అంతకు ముందు ప్రెస్సులో జరిగిన సంగతి. ఈసారి బావను నమ్మలేక కార్డులు వేయించే పని అక్క తన మీద వేసుకుంది. నన్ను వెంటబెట్టుకెళ్ళి, యంత్రం పక్కన స్టూలు వేయించుకుని కూర్చుంది. పెద్దాయన మొదటి కార్డు తెచ్చి భయంభయంగా చేతికిచ్చాడు. కొత్త పనులు నాలుగున్నాయి. నా బెంచీ ఊసు అందులో లేదు.

"క్రితంసారి నా వల్ల పొరపాటు జరిగిందమ్మా. ఈసారి ఆ కింది ముక్కలు తీసేశాను, చూడండి" అన్నాడు.

అక్క కార్డును వెలుతురుకు పెట్టి పైనుంచి కిందిదాకా చదివింది. అడుగున ఖాళీగా ఉన్నచోట బొటనవేలు ఆనించింది.

"తియ్యమని ఎవరు చెప్పారు?" అంది.

"ఎవరూ చెప్పలేదమ్మా, నేనే..."

"పెట్టండి. పాతదానిలో ఉన్నది ఉన్నట్టుగా."

పెద్దాయన నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. ఆయన ఆ ముక్కలు పెట్టి యంత్రం మళ్ళీ తిప్పాడు. అక్క తడి ఆరని ఆ కొత్త కార్డును తీసుకుని, రెండుసార్లు ఊది, తన సంచీలో వేసుకుంది.